దాలమ్మ నెత్తురూ, మర్యాదగల పిశాచాలూ

అయ్యలారా, అమ్మలారా! రక్తం తాగే పిశాచాలను తక్షణం మన జిల్లాకు రప్పించాలని నేను డిమాండ్ చేస్తున్నాను. నవ్వకండి. వినతిపత్రం మీద మొదటి సంతకం నాదే.

ఈ జ్ఞానోదయం నాకు ఒక ఫారిన్ కామెడీ వల్ల కలిగింది. ముందు సినిమాగా తీశారట, జనం పగలబడి నవ్వారట, దాంతో టీవీ సీరియల్ చేసేశారు. అందులో కోట్లు తొడుక్కున్న పిశాచాలు గుమ్మం బయటే నిలబడతాయి. ఇంటివాళ్లు "రండి" అంటేనే లోపలికి అడుగు! మనకి ఇంత పద్ధతి ఎవరిలో ఉంది చెప్పండి? ఓట్లకొచ్చేవాడు అడిగాడా? చీటీల కంపెనీ ఏజెంటు అడిగాడా? ఆఖరికి దోమైనా అడిగిందా?

నా వాదానికి అసలు సాక్షి దాలమ్మ. ఉద్దానంలో సముద్రం ఒడ్డు పల్లె ఆమెది. అరవై దాటినా గంపలో ఐసు పోసి, చేపలు నెత్తిన పెట్టుకుని జీడితోటల ఊళ్లు తిరుగుతుంది. మొగుడు గంగులు రెండేళ్ల కిందట కిడ్నీలు పాడై పోయాడు. ఆ జబ్బు అక్కడ ఎందుకొస్తోందో తేల్చడానికి బృందాలు వస్తూనే ఉంటాయి. గ్లౌజులు, సూదులు, ఐసు పెట్టె. దాలమ్మ చెయ్యి చాపుతుంది. "రిపోర్టు పంపిస్తామమ్మా" అంటారు. జీపు వెళ్లిపోతుంది. ఇలా ఏడుసార్లు! ఒక్క కాగితమూ రాలేదు. మొగుడి జబ్బు తనకూ ఉందో లేదో ఆమెకి ఇప్పటికీ తెలియదు.

టౌనుకెళ్లి చూపించుకోమంటే వినదు. "ఏడు సీసాలిచ్చినాను గదేటి, ఏదో ఒకదానికి కబురు రాకుంటాదా?" అంటుంది. చేపల బేరంలో అలాగే బతికింది మరి. ఆమె దగ్గర కొన్నవాళ్లు మర్నాడు గంప ఆపి మరీ చెబుతారు, కూర బాగుందనో, చేప మెత్తబడిందనో. తీసుకెళ్లి ఊసెత్తనివాళ్లని ఆమె ఎరగదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆమె మనవరాలు అనూరాధ ఫోనులో ఆ సీరియల్ పెట్టి, మాటలు తెలుగులో చెబుతోంది. ఎండుచేపల కోసం వెళ్లిన నేనూ అరుగు మీద చతికిలబడ్డాను. ఒక పిశాచి ఎవరో పెద్దమనిషి మెడ కొరికి, మూతి తుడుచుకుని, "మీకు ఉప్పు ఎక్కువైందండీ, డాక్టరుకి చూపించుకోండి" అంది.

మేము నవ్వాం. దాలమ్మ నవ్వలేదు.

"ఒసే గుంటా, ఆపు! ఆడేటన్నాడు? మళ్లీ సెప్పు."

అనూరాధ మళ్లీ చెప్పింది.

"సూసినావా! తాగినోడు అక్కడికక్కడే సెప్పేసినాడు!"

అదీ సంగతి! చదువూ సంధ్యా లేని పిశాచి ఒక్క గుక్కలో రిపోర్టు ఇచ్చేసింది. కోడ్ నంబరు లేదు, "సర్వర్ డౌన్" లేదు. పైగా మూడొందల ఏళ్లు ఒకే ఊళ్లో ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ అడగదు. ఇంతకంటే మంచి ఉద్యోగి మనకెక్కడ దొరుకుతాడు?

గురువారం మళ్లీ ఎండుచేపలకని నేను వెళ్లేసరికి ఎనిమిదో బృందం దిగింది. కళ్లజోడు డాక్టరు గుమ్మం దగ్గర బూట్లు విప్పి, "లోపలికి రావచ్చా అమ్మా?" అని అడిగాడు. అచ్చం పిశాచి మర్యాద! నా కడుపు నిండిపోయింది. దాలమ్మ కుర్చీ వేసింది, చెయ్యి చాపింది, సీసా నిండింది. అతను మూత బిగించబోతుంటే మణికట్టు పట్టుకుంది.

"బాబూ, ఇది ఐసులో ఎట్టకండి. మీలో తాగేవోడుంటే ఇక్కడే కూసింత రుచి సూసి సెప్పండి. ఎనిమిదూళ్ల బేరం నాది. వచ్చే ఏడు నానే తిరుగుతానా, ఇంకోలకి అప్పసెప్పీయాలా? అదొక్కటి సెప్తే సాలు."



డాక్టరు సీసా వైపు చూశాడు. దాలమ్మ వైపు చూశాడు. నెమ్మదిగా చెయ్యి విడిపించుకుని, ఐసు పెట్టె మూత తెరిచాడు.

"రిపోర్టు పంపిస్తామమ్మా" అన్నాడు.