గెల మీద ఒట్టు

మీరే చెప్పండి, ఇది న్యాయమా? పెళ్ళై నలభై రోజులు కూడా కాని మనిషి, భార్యను పాపికొండల బోటు ఎక్కించాలంటే ఒక ఫోన్‌ను సెలవు అడుక్కోవాలా?

నేను అశ్వారావుపేట దగ్గర ఒక పామాయిల్ మిల్లులో కాటా గుమస్తాను. ఎంకాం చదివాను. గెలల ట్రాక్టర్ కాటా ఎక్కితే బరువు రాసి చీటీ ఇస్తాను. నా సెలవు చీటీ నేను రాసుకోలేనా? కానీ మా మేనేజర్ ఉషారాణి మేడం ‘మిల్లుమిత్ర’ అని ఒక యాప్ తెచ్చారు. సెలవైనా, సామానైనా, సమస్యైనా ఇక అందులోనే అడగాలట. కాగితం ముట్టుకోరట!

"ఫోన్‌కు మొర పెట్టుకునుడేంది?" అన్నాడు గెలలు పండాయో లేదో చూసే జంపయ్య. "ఇరవై ఏండ్ల సంది నేను నోటితోనే అడుగుతున్న."

"అడిగితే ఏమిచ్చిండ్రు?" అన్నాడు గెలలు దించే నాగరాజు.

"ఏమియ్యలే. అయినా నోటితోనే అడుగుత."

ఆ పౌరుషం చూసి నా రక్తం ఉడికింది. పన్నెండు మందిమి యార్డులో చేరి, ఆ యాప్‌ను మా ఫోన్లలోకి రానిచ్చేది లేదని గెల మీద ఒట్టు వేసుకున్నాం. ముందు నేనే అరచేయి బలంగా వేశాను. గెల నిండా ముళ్ళుంటాయని రోజూ చూస్తున్నవాడికే ఆవేశంలో గుర్తు రాలేదు. మిగతా పదకొండు మందీ నన్ను చూసి, కాడ పట్టుకుని ఒట్టేశారు.

ఇంటికెళ్ళాక కవిత పిన్నీసుతో ముళ్ళు తీసింది. బయట సన్నటి వాన. నా చెయ్యి ఆమె ఒళ్ళో. మొత్తం ఏడు ముళ్ళు. ఇంకో ఏడు గుచ్చుకున్నా బాగుండుననిపించింది.

"మిల్లుల చేతి తొడుగులు ఇయ్యరా?" అంది.

"రెండేళ్ళ నుంచి అడుగుతున్నాం."

"ఎట్ల అడుగుతున్నరు?"

"నోటితో."

కవిత నన్ను అదోలా చూసింది. "మరి సెలవు గూడ నోటితోనేనా? శనివారం బోటని మా అక్కకు చెప్పేసిన."

అప్పుడు తట్టింది ఉపాయం. ఒట్టు వేసింది మా ఫోన్ల గురించి. కవిత ఫోన్ గురించి కాదు కదా! నా ఉద్యోగి నంబరు ఇచ్చి, యాప్ ఆమె ఫోన్‌లో ఎక్కించమన్నాను.

"సెలవు ఒక్కటే అడుగు. ఇంకేమీ ముట్టుకోకు."

"పాస్‌వర్డ్ ఏం పెట్టాలె?"

"నీ ఇష్టం. ఆ దరిద్రం నాకెందుకు?"

నాలుగో రోజు మిల్లుకు పెద్ద అట్టపెట్టె వచ్చింది. నిండా తోలు తొడుగులు! జంపయ్య రెండు చేతులకూ తొడుక్కుని, గోరింటాకు పెట్టించుకున్న పెళ్ళికూతురిలా మురిసిపోయాడు.

"చూసిండ్రా? నోటితో అడిగితే రానిదుంటదా!"

"నోటితో అడిగితే రాలేదు జంపయ్యా," అన్నారు అప్పుడే వచ్చిన మేడం. "బలరాం యాప్‌లో అడిగాడు. ముళ్ళు గుచ్చుకున్న అరచేయి ఫోటో కూడా పెట్టాడు."

పదకొండు జతల కళ్ళు నా మీదికి తిరిగాయి.

"నేను కాదు జంపన్నా!"

"ఫోటోల ఉంగరం చూపియ్యమంటరా సారూ? మీ మామ పెట్టిందే గద!" అన్నాడు జంపయ్య, మేడం చేతిలోని టాబ్‌లోకి తొంగిచూసి.

మేడం అక్కడితో ఆగలేదు. "శనివారం సెలవు కూడా అడిగావుగా బలరాం. ముందు వీళ్ళందరికీ యాప్ వాడటం నేర్పించు. లేకపోతే శనివారం కాటా దగ్గరే," అని ఆఫీసు టాబ్ నా చేతిలో పెట్టారు.

ఉద్యోగి నంబరు కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది. కవితకు ఫోన్ చేశాను. నా ఫోన్‌ను నాగరాజు స్పీకర్‌లో పెట్టి పట్టుకున్నాడు.

"కవితా! సెలవు ఒక్కటే అడగమన్నాను కదా!"

"చెయ్యి బాగుంటెనే గద బోటుల నా చెయ్యి పట్టుకునేది?"

పదకొండు మందీ దగ్గారు.

"సరే, పాస్‌వర్డ్ చెప్పు. జల్దీ!"

"దరిద్రం అన్నరు గద? పక్కన ఎవరన్న ఉన్నరా?"

"ఉంటే ఏంది? చెప్పు తల్లీ, బోటు పోతది!"

"మీ ఇష్టం. ఇంగ్లీషు అక్షరాలల్ల, నడుమ ఖాళీ లేకుంట కొట్టండి. ‘మా ఆయనకు యాప్ రాదు’. చివర్ల ముప్పై నాలుగు. ఆ రోజుకు మన పెళ్ళయి ముప్పై నాలుగు రోజులు."

కాటా మీది ట్రాక్టర్ డ్రైవర్ కూడా ఇంజను ఆపి నవ్వాడు.

పాస్‌వర్డ్ కొట్టగానే యాప్ తెరుచుకుంది. ఆ తర్వాత అరగంట స్పీకర్‌లోంచి కవితే పాఠం చెప్పింది. నేను టాబ్‌కు స్టాండులా నిలబడ్డాను.

శనివారం బోటెక్కాం. ఎదురుగా గోదావరి, పక్కన కవిత, చేతిలో వేడి బజ్జీలు. బోటు ఇంకా కదల్లేదు, ఫోన్ మోగింది. జంపయ్య.

"సారూ, జర ఫోన్ మా చెల్లెకియ్యి. రెయిన్‌కోట్లు అడగాలె."

"నన్ను అడగొచ్చుగా జంపన్నా! ఎంకాం చదివాను!"

"మీకు రాదు గద సారూ. గెల మీద ఒట్టేసి చెప్పమంటరా?"

నేను ఫోన్ పక్కకు చాచాను. కవిత తన బజ్జీ నా చేతిలో పెట్టి, ఫోన్ అందుకుంది.

"చెప్పన్నా," అంది.