ముందెవరు పలకాలి?

పాఠకులారా, కంప్యూటర్ ప్రోగ్రాం ఉలుకూ పలుకూ లేకుండా బిగుసుకుపోతే విసుక్కోకండి. బంధుత్వాలు నిలబడాలంటే ప్రోగ్రాములు అప్పుడప్పుడూ మొరాయించాలి! నవ్వకండి, ఇది మా ఇంట్లో రుజువైన సంగతి.

మా ఆయనా, మా తమ్ముడూ ఒకే ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారు. మా ఆయన సి భాషలో ఒక చిన్న క్లయింట్ ప్రోగ్రాం రాయాలి. దానికి సర్వర్ తమ్ముడు రాయాలి. క్లయింట్ వెళ్లి తలుపు తడుతుంది, సర్వర్ తలుపు తీస్తుంది, రెండూ నాలుగు మాటలు చెప్పుకుంటాయి. అదేమంత బ్రహ్మవిద్య కాదు.

కానీ ఒక మీటింగులో తమ్ముడు, "బావ కోడు మ్యూజియంలో పెట్టాల్సింది" అని నలుగురి ముందూ నవ్వాడు. మా ఆయన మూతి ముడుచుకున్నారు. అది చూసి వాడూ బిర్రబిగుసుకున్నాడు. మాటలు బంద్!

అంతమాత్రాన పని ఆగుతుందా? మధ్యలో నేను లేనూ! లైబ్రరీలో పుస్తకాలిచ్చే కౌంటర్ నాది. "పోర్టు నంబరెంతో మీ తమ్ముణ్ణి అడుగు" అని మా ఆయన మెసేజీ. అదేలెండి, తట్టాల్సిన తలుపు నంబరు. "ఎనిమిది వేల ఎనభై అని మీ ఆయనకి చెప్పక్కా" అని తమ్ముడి జవాబు. వాళ్ల కుర్చీల మధ్య దూరం మూరెడు. ఆ మూరెడు దాటడానికి ప్రతి మాటా నాలుగు వీధుల అవతలున్న నా దాకా వచ్చి వెళ్లేది. ఇంతటి గౌరవం ఎంతమంది ఇల్లాళ్లకు దక్కుతుంది చెప్పండి?

తొమ్మిదో రోజు వచ్చింది. మూడు గంటలకు మేనేజరుకు చూపించాలి. చూపించలేకపోతే ఆ పని వేరే టీముకు పోతుంది. మా ఆయన క్లయింట్‌ను నడిపారు. కనెక్షన్ దొరికింది! ఆ తర్వాత తెర మీద ఒక్క అక్షరం లేదు. పదిసార్లు నడిపినా అదే వరస. "మీ తమ్ముడి సర్వర్ పలకట్లేదని చెప్పు" అని నాకు మెసేజీ పెట్టారు.

అది చూసి నేను ఫోన్ ఆపేసి డ్రాయర్లో పడేశాను.

రెండున్నర దాకా ఎదురుచూసి, ఇక గత్యంతరం లేక ఆయన కుర్చీ అటు తిప్పారు. "ఏమోయ్, తలుపు తీశాక నీ సర్వర్ ముందు ఏం చేస్తుంది?"

"మీరు పలకరిస్తారేమోనని వింటూ కూర్చుంటుంది బావా. మరి మీ క్లయింట్?"

"నువ్వు పలకరిస్తావేమోనని వింటూ కూర్చుంటుంది."

వెంటనే మా ఆయన తన కోడులో ఒక లైను పైకి జరిపారు: ముందు పలకరింపు, ఆ తర్వాతే వినడం. మరుక్షణం సర్వర్ బదులిచ్చింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారట. చూశారా, అది మొరాయించకపోతే వీళ్లు ఈ జన్మలో మాట్లాడుకునేవారా?

మూడింటికి అంతా సవ్యంగా నడిచింది. మేనేజరు సంతోషించి, సరిచేసిందేమిటో విని, "ఒక్క లైను మార్చడానికి తొమ్మిది రోజులెందుకు పట్టాయి?" అని అడిగారట.

బావా బావమరుదులు ఒకే గొంతుతో, "నెట్‌వర్క్ ప్రాబ్లం సార్" అన్నారట.

ఆ నెట్‌వర్క్ నేనే, పాఠకులారా. తొమ్మిది రోజుల్లో పోగొట్టింది ఒక్క మెసేజీయే, అదీ కావాలనే.