వీధంతా పంచిన ఎర్రన్నం

ఆ శనివారం ఉదయం మిసావో పళ్ళు తోముకుంటూనే పథకం వేసేసింది. ఆఫీసు ఒంటిపూటే. మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తుంది. నాన్న తొకుజీ మ్యాట్నీకి కొత్త దొదోరా సినిమాకి వెళ్తాడు. రాకాసి సినిమా చూసొచ్చిన రోజు ఆయన మనసు వెన్నపూస. ఆ సాయంత్రమే చెప్పేయాలి, కుసాకాని పెళ్ళి చేసుకుంటానని.

చెప్పడం అంత సులువైతే ఇన్నాళ్ళు నాన్చేదే కాదు. కుసాకా సినిమా స్టూడియోలో పనిచేస్తాడు. కొండంత రాకాసి దొదోరా వేషం లోపల ఉండేది అతనే. తొకుజీకేమో దొదోరా అంటే ప్రాణం. భార్య పోయినప్పట్నుంచీ ఆయనకున్న సుఖాలు రెండే. సినిమాహాల్లో దొదోరా ఊళ్ళు తొక్కుతుంటే పిడికిళ్ళు బిగించి చూడడం ఒకటి, గురువారం రాత్రి టీవీలో టోఫు కొట్టు కుటుంబం మీద వచ్చే హాస్య నాటకం చూస్తూ తువ్వాలు తడిసేలా ఏడవడం ఇంకొకటి. దొదోరా లోపల మనిషి ఉంటాడని ఎవరైనా నోరు జారితే, ఆ ఇంటికి తతామి గడ్డిచాపలు కుట్టడం మానేసేవాడు. అలా ఇద్దరు మంచి ఖాతాదార్లు పోయారు కూడా.

మొన్నటి గురువారం ఆ నాటకంలో పెద్దమ్మాయికి ఎట్టకేలకు సంబంధం కుదిరింది. తొకుజీ ముక్కు చీదుతూ ఆ సంగతి రెండుసార్లు చెప్పాడు. వంటింట్లో గిన్నెలు తోముతున్న మిసావో ఊఁ కొట్టింది తప్ప సరిగా వినలేదు. శనివారం ఆమె ఆఫీసుకి వెళ్ళగానే తొకుజీ ఎర్ర చిక్కుడు గింజలు వేసి జిగురన్నం వండాడు. శుభకార్యానికి ఎర్రన్నం వండాల్సిందే కదా. వండింది ఒక్కడూ తినలేక, పెట్టెల్లో సర్ది నువ్వుల ఉప్పు చల్లి, గుమ్మం గుమ్మానా పెళ్ళికొడుకుని మెచ్చుకుంటూ వీధిలో పంచిపెట్టాడు. ఎర్రన్నం అందుకున్నవాళ్ళు ఎవరి పెళ్ళని నిలదీయడం మర్యాద కాదు. ఊహించుకోవాలి. వీధంతా ఊహించుకుంది.

మధ్యాహ్నం మిసావో వీధి మలుపు తిరగగానే అప్పడాల కొట్టు ఒషినో ఎదురొచ్చి చేతులు పట్టేసుకుంది.

"ఎంత చల్లని కబురు చెప్పారే మీ నాన్న! మనిషి బంగారమటగా!"

మిసావో అక్కడే ఆగిపోయింది. "నాన్నకి... తెలిసిపోయిందా?"

"తెలియడమేంటే పిచ్చిదానా! మొన్న రాత్రంతా ఏడ్చారట, సంతోషంతో."

మిసావోకి కాళ్ళు నేలమీద ఆనలేదు. ఎవరు చెప్పారు, ఎలా తెలిసిందన్నది తర్వాత చూసుకోవచ్చు. పరుగున ఇల్లు చేరేసరికి తొకుజీ సినిమాకి వెళ్ళడానికి టోపీ దులుపుకుంటున్నాడు.

"నాన్నా, నీకు నిజంగా ఇష్టమేనా?"

"ఇష్టమా అని మెల్లిగా అడుగుతావేంటే? నా తువ్వాలు నువ్వేగా ఉతికావు!"

"మరి అతను చేసే పని..."

"పనికేమొచ్చింది? ఒళ్ళంతా కంపు కొడితే కొట్టనీ, కష్టపడి సంపాదిస్తున్నాడు."

రబ్బరు వేషం విప్పాక కుసాకా ఒంటినుంచి వచ్చే కంపు మిసావోకి బాగా తెలుసు. ఆ సంగతి కూడా నాన్నకి తెలిసిపోయిందా! ఆమెకి కళ్ళు చెమ్మగిల్లాయి. కూతురికి కూడా నాటకం మీద ఇంత అభిమానం పుట్టినందుకు తొకుజీకీ చెమ్మగిల్లాయి. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు మెచ్చుకుంటూ నిలబడ్డారు.

ఇంతలో వీధి సంఘం పెద్ద మురామత్సు, పండక్కి తీసే పట్టు దుస్తుల్లో, శుభకార్యాలకిచ్చే పెద్ద ఎర్ర చేపని పళ్ళెంలో పెట్టించుకుని వచ్చాడు.

"తొకుజీ, పెళ్ళిలో మధ్యవర్తులుగా నేనూ మా ఆవిడా కూర్చుంటాం. కాదనకు."

తొకుజీ అయోమయంగా చూశాడు. టీవీ పెళ్ళికి మధ్యవర్తి ఏమిటి? అయినా పెద్దమనిషి అభిమానంతో చేప కూడా తెచ్చాడు. "మీ ఇష్టం. నేను మాత్రం త్వరగా వెళ్ళాలి. ఇవాళ వాడొస్తున్నాడు. వచ్చాడంటే ఊరు పచ్చడైపోతుంది."

"ఎవరు? వియ్యంకుడా?" మురామత్సు రెండడుగులు వెనక్కి వేశాడు. "అంత కోపిష్టా? సరే, పోలీసు చౌకీ దగ్గర ఓ మాట చెప్పి ఉంచుతాలే." తర్వాత మిసావో వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నువ్వేం బెంగపెట్టుకోకు తల్లీ. రెండో పెళ్ళయితేనేం, చేపల కొట్టయితేనేం! తల్లి లేని ఆ పాపకి నువ్వే తల్లివి కావాలి."

చేపల కొట్టు. తల్లి లేని పాప. మొన్న నాన్న నాటకం గురించి చెబుతుంటే గిన్నెల చప్పుడులో సగం విన్నవన్నీ ఇప్పుడు మిసావోకి వరసగా గుర్తొచ్చాయి. మురామత్సు గుమ్మం దాటగానే తండ్రి మీద పడింది.

"నాన్నా! ఎర్రన్నం ఎవరి పెళ్ళికి వండావు?"

"టోఫు కొట్టు పెద్దమ్మాయి పెళ్ళికే. ఇంకెవరిదుంది?"

"వీధంతా నా పెళ్ళనుకుంటోంది!"

"నీకు పెళ్ళేంటి?" అన్నాడు తొకుజీ, నిజంగానే అర్థంకాక.

అప్పుడే ఒషినో కిటికీలోంచి తల పెట్టింది. ఆ ఇంట్లో ఫోను లేదు. ఎవరు చేసినా ఆమె కొట్టుకే వస్తుంది. "చెప్పడం మరిచా మిసావో. పొద్దున ఎవరో కుసాకా అట, నీకు ఫోన్ చేశాడు. మా మిసావోకి పెళ్ళి కుదిరింది, ఇక చెయ్యకు నాయనా అని కోప్పడి పెట్టేశా. మంచి పని చేశానుగా?"

మిసావో చతికిలబడింది. మంచి పనే! కుసాకా ఇంట్లోనూ ఫోను లేదు, షూటింగులో ఉంటాడు, ఎక్కడని వెతకడం? రెండేళ్ళు నాన్చి నాన్చి, చివరికి అతని చెవిన పడింది ఇంకెవరితోనో పెళ్ళని. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడ్చేసింది కూడా.

"కుసాకా ఎవరే?" తొకుజీ టోపీ నేలమీద పడేశాడు. అంతకుమించి అడగకముందే వాకిట్లో స్టూడియో లారీ ఆగింది.

దిగినవాడు ఒంటిమీద బనియనుతో, మొహాన మసితో ఉన్నాడు. మోకాళ్ళ దాకా ఇంకా రాకాసి పాదాలే. "మిసావో! నిజమేనా?" అని ఒక్క అడుగు లోపలికి వేయబోయి, వేరొకరి ఇంటి గుమ్మమని గుర్తొచ్చి ఆగాడు. ఎంత కంగారులోనూ మర్యాద తప్పలేదు. ఆ రెండు పాదాలూ కష్టపడి విప్పి, గోళ్ళు వీధివైపు ఉండేలా చెప్పుల వరసలో పొందిగ్గా పెట్టాడు.

తొకుజీ ఆ పాదాల్నే చూస్తూ గొంతుక్కూర్చున్నాడు. ఎడమకాలి నడిమి గోరు విరిగి ఉంది. వేలితో తాకాడు.

"ఓడరేవులో వంతెన తన్నినప్పుడు విరిగింది," అన్నాడు మెల్లిగా.

"అవునండీ," అన్నాడు కుసాకా, తల వంచి.

మిసావో కళ్ళు మూసుకుంది. ఇక అయిపోయింది. పెళ్ళీ పోయింది, నాన్న దొదోరా కూడా పోయింది.

"ఆ సినిమా చివర," తొకుజీ గోరు మీంచి వేలు తియ్యకుండానే అడిగాడు, "పిల్లని ఒడ్డున వదిలేసి సముద్రంలోకి వెళ్ళిపోతూ, దొదోరా ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. అలా చెయ్యమని నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. తిన్నగా నడిచిపొమ్మన్నారు. నాకే మనసొప్పలేదు. పిల్లని వదిలి వెనక్కి చూడకుండా ఎలా పోతాం? చివాట్లు కూడా పడ్డాయి."

తొకుజీ మొహం చేత్తో తుడుచుకున్నాడు.

"లోపల మనిషి లేడని ఇన్నేళ్ళూ వీధిలో అందరితో పోట్లాడాను. మనిషుంటేనే కదా అలా చూసేది! లోపలికి రా నాయనా. అమ్మడూ, ఆ చేప కోయి."

నాటకం సంగతి బయట చెప్పుకుంటే పరువు పోతుందని ముగ్గురూ నోరు మెదపలేదు. దాంతో మిసావో ఎవరో సినిమా అతన్ని చేసుకుందని వీధి నాలుగు రోజులు ముక్కున వేలేసుకుని, ఐదోరోజు నుంచి మురామత్సు ఆధ్వర్యంలో పెళ్ళి తప్పిపోయిన ఆ చేపల కొట్టాయనకి ఇంకో సంబంధం వెతకడం మొదలుపెట్టింది.