సూక్ష్మక్రిముల శ్రావణం

శ్రావణమాసం మొదటి సోమవారం ఉదయం పదిన్నర నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల సూక్ష్మక్రిములు మాంసాహారం మానేసినట్టు నీటి పరీక్షా కేంద్రం పర్యవేక్షకులు శ్రీ అనంతయ్యగారు ఉత్తర్వు జారీ చేశారు. ఒక ప్రతిని గోడకు అంటించారు. క్రిములకు విడిగా పంపలేదు కానీ, అవి కూడా ఆ గదిలోనే ఉంటాయి కనుక చదువుకునే ఉంటాయి.

తెలియనివారికి ఒక మాట. నీళ్లలో క్రిములున్నాయో లేవో కంటితో కనిపెట్టలేం. అందుకని చిన్న పళ్లెంలో వాటికి ఇష్టమైన తిండి పెట్టి, పైన నీటిచుక్క వేసి, ఒక రోజు వెచ్చటి పెట్టెలో ఉంచుతారు. క్రిములుంటే అవి తిని, పిల్లాపాపలతో పెరిగి, చుక్కలు చుక్కలుగా బయటపడతాయి. ఆ తిండి పేరు పెప్టోన్. మాంసాన్ని బాగా కరిగించి, ఎండబెట్టిన పొడి. పన్నెండేళ్లుగా ఆ డబ్బా బీరువాలో ఉంది. దాని మీది చీటీ చదివిన మొదటి అధికారి అనంతయ్యగారే. ఆ రోజు కరెంటు పోయి, వేరే పని లేక చదివారు.

చదివి కుర్చీలో కూలబడ్డారు. శ్రావణమంతా ఇంట్లో కోడిగుడ్డు పేరు కూడా ఎత్తని మనిషి. "మనం నెలంతా పప్పు తిని కూర్చుంటే, సర్కారు ఖర్చుతో ఈ పురుగులు రోజూ నీసు తింటాయా?" అని సిబ్బంది సమావేశంలో ప్రశ్నించారు. ప్రశ్న న్యాయమైనదే. పరీక్షలు చేసే సరిత లేచి, సోయా నుంచి తీసిన పెప్టోన్ కూడా ఉంటుందని, రాస్తే పది రోజుల్లో వస్తుందని చెప్పింది. "మన క్రిములకు మన తిండి ఉండగా ఎక్కడిదో ఎందుకమ్మా?" అన్నారాయన. డబ్బా ఉన్న బీరువాకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. మర్నాటి నుంచి ఆయన సతీమణి సుభద్రమ్మగారు కాచిన పప్పుచారు పళ్లేలలో పోయడం మొదలైంది. ఆమె చారులో పసుపుకూ చింతపండుకూ, అంటే క్రిములకు గిట్టని రెండింటికీ, లోటుండదు.

ఫలితం అమోఘం. ఏ పళ్లెంలోనూ ఒక్క చుక్క పుట్టలేదు. బోరు నీళ్లకు సున్న. చెరువు నీళ్లకు సున్న. బర్రెలు బొర్లే కాలువకు సున్న. ఉత్సాహం ఆగక కార్యాలయం వెనకాల మురుగు పారే మోరీ నీళ్లు పరీక్షిస్తే దానికీ సున్నే వచ్చింది. నియమం ప్రకారం మోరీ గట్టున 'తాగుటకు యోగ్యము' అని పలక పాతారు. ఆ వీధివాళ్లు ముక్కు మూసుకుని దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. "నీసు మానితే క్రిమికి కూడా బుద్ధి వస్తుంది" అని పంద్రాగస్టు నాడు అనంతయ్యగారు ప్రసంగిస్తే మేమంతా చప్పట్లు కొట్టాం.

మా ఊరు ఎర్రగుట్టపల్లె. మా నల్లా నీళ్లకు కూడా సున్న వచ్చింది. అదే వారం మా వాడకట్టు బాలమ్మ మనవరాలు, ఆరేళ్ల అమూల్య, వాంతులు విరేచనాలతో దవాఖానలో పడింది. ఆ వెనకే ఇంకో పదకొండు మంది పిల్లలు. నల్లా పైపు మా ఊరి మోరీలో నుంచి పోతుందనీ, అక్కడే పగిలిందనీ ఊరందరికీ తెలుసు. కానీ నల్లా బంద్ చేయాలంటే రిపోర్టు చెడ్డగా రావాలి. రిపోర్టేమో భేషుగ్గా ఉంది. బాలమ్మ సీసాలో నీళ్లు పట్టుకుని కేంద్రానికి పోయింది.

"సారూ, రిపోర్టుల పురుగే లేదంటుండ్రు. మరి మా పిల్ల కడుపులకు యాడికెల్లి వచ్చింది?"

"నీళ్ల వరకే మా పరిధి. కడుపులు దవాఖాన వాళ్లవి" అని అనంతయ్యగారు ఓపికగా వివరించారు.

సరిత ఆమెను బయటికి తీసుకుపోయింది. "అవ్వా, ముదురు మేక కూర ఎట్ల ఉడకబెడ్తవు?"

"పచ్చి బొప్పాయి ముక్కలేస్త బిడ్డా. ఎంత ముదురుదైనా కరుగుతది. గిప్పుడెందుకు గా ముచ్చట?"

"గట్ల కరిగిందే పురుగుల తిండి. నువ్వు జర వండిస్తె నీ సీసాల ఏమున్నదో నేను చూపిస్త."

నలభై ఏళ్లుగా శ్రావణంలో బాలమ్మ పొయ్యి మీదికి నీసు ఎక్కలేదు. "జములమ్మ తల్లికి నేను చెప్పుకుంట. ముందుగాల పిల్ల బతకాలె" అని ఇంటికొచ్చి పొయ్యి రాజేసింది. వాసనకు వాడ వాడంతా తలుపులు మూసుకుంది. మేమూ మూసుకున్నాం, కాకపోతే కిటికీ దగ్గర నిలబడ్డాం.

ఆ రసాన్ని వడకట్టి, గట్టిపరిచే పొడి కలిపి, సరిత పళ్లెంలో పోసింది. బాలమ్మ సీసాలోని నీటిచుక్క వేసింది. మర్నాటికి పళ్లెం నిండా ఆవాలు చల్లినట్టు చుక్కలు. అనంతయ్యగారు చూసి నిర్ఘాంతపోయి, వెంటనే విచారణకు ఆదేశించారు. నీళ్లలోకి క్రిములెలా వచ్చాయని కాదు, కార్యాలయంలోకి మేక ఎలా వచ్చిందని. సరితకు మెమో అందింది. నేరానికి సాక్ష్యం ఆ పళ్లెమే కనుక, దాన్ని జతపరిచి పై అధికారులకు పంపారు. వాళ్లు చుక్కలు చూసి ఆ సాయంత్రమే మా నల్లా బంద్ చేయించారు. నాలుగో రోజు అమూల్య లేచి కూర్చుని అన్నం అడిగింది. అబద్ధమెందుకు, ఆ మాట విని నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

శ్రావణం పోయింది. పెప్టోన్ డబ్బా బీరువా దిగింది. మోరీ దగ్గర పలక పీకేశారు. మా పైపు మాత్రం ఇంకా అతకలేదు. మంచి బోరు ఊరికి మైలు దూరం. రెండు నెలలు బిందెలు మోశాక ఊరంతా కూర్చుని ఒక అర్జీ రాసుకున్నాం. పైపు బాగు చేయమని రాద్దామంది బాలమ్మ. అది ఏళ్లు పట్టే పని అన్నాం మేం. అందుకని సులువైన కోరికే కోరాం: కేంద్రంలో మళ్లీ పప్పుచారు పోయించి, శ్రావణం నాటి రిపోర్టు ఇప్పిస్తే చాలు, నల్లా తెరుచుకుంటుంది.

బాలమ్మ ఒక్కతే వేలిముద్ర వేయలేదు. మొదటి సంతకం నాది. ఊళ్లో చదువుకున్నవాణ్ణి కదా.