పంటి సందు ప్రాజెక్టు

ఆగస్టు తొమ్మిదో తేదీన మా ఇంటిల్లిపాదీ రాత్రి భోజనానికి బ్రెడ్డూ అరటిపళ్ళూ తిన్నాం. స్టవ్ మీద మైదా జిగురు ఉడుకుతుంటే ఇంక వంటెక్కడ? అయినా ఢంకా బజాయించి చెబుతున్నాను: పిల్లలు బాగుపడాలంటే స్కూలు ప్రాజెక్టులు ఉండి తీరాలి!

మా మనవరాలిది రెండో తరగతి. ‘నేనంటే నాకిష్టం’ అని ప్రాజెక్టు ఇచ్చారు. కాగితపు గుజ్జుతో అచ్చం తనలాంటి బొమ్మ చెయ్యాలి. దాంతో తమ మీద ప్రేమ, ఎదుటివాళ్ళ మీద దయ పుట్టుకొస్తాయట. ఇంత గొప్ప పని పిల్లల చేతుల్లో పెడతామా?

మా అమ్మాయి ఆఫీసుకి సెలవు పెట్టింది. అల్లుడు ఇంజనీరు కదా, చెవులు రెండూ స్కేలు పెట్టి కొలిచాడు. నాకు జిగురు కలిపే ఉద్యోగం. పిల్లకి అన్నిటికంటే ముఖ్యమైన పని: ముట్టుకోకుండా కూర్చోవడం!

“అమ్మా, నా పళ్ళ మధ్య సందేదీ?” అంది పిల్ల.

“సందుంటే మార్కులు పోతాయే. కదలకు!” అంటూ మా అమ్మాయి బొమ్మ నోట్లో సందుని తెల్లరంగుతో పూడ్చేసింది.

నిజానికి ఆ సందు మా ఆవిడ సొత్తు. ఆవిడ పోయాక అది మిగిలింది ఈ పిల్ల నవ్వులోనే. నేను జిగురు కాస్త గట్టిగా కలిపాను. అంతకంటే ఏం చెయ్యగలను?

స్కూల్లో చూడాలి ఆ వైభవం! బొమ్మలన్నీ సినిమా స్టార్లే. ఒక్కదానికీ కళ్ళజోడు లేదు. దయకీ లోటు లేదు: పక్క బొమ్మ ముక్కు ఊడితే తల్లులంతా “అయ్యో!” అని ముసిముసిగా నవ్వారు. తనని తాను ఉన్నదున్నట్టు ప్రేమించుకున్నందుకు మా బొమ్మకి ఫస్టు ప్రైజు! టీచరమ్మ మాత్రం మా పిల్లని దగ్గరికి తీసుకుని, “నీ బొమ్మేదమ్మా?” అని అడిగింది.

పడుకునే వేళ లైటు ఆర్పడానికి వెళ్ళాను. మంచం మీద ప్రైజు బొమ్మ పక్కన ఇంకో బొమ్మ! మిగిలిన గుజ్జుతో పిల్లే చేసుకుంది. ఒక చెవి చేటంత, ఒకటి చింతాకంత. నోట్లో ఇంత సందు. రెండిటికీ కలిపి ఒకటే దుప్పటి.

“దీన్నెందుకే పడుకోబెట్టావ్?” అన్నాను ప్రైజు బొమ్మని చూపించి.

“పాపం తాతయ్యా, దానికి మనింట్లో ఎవరి పోలికా రాలేదు. ఒక్కత్తే పడుకుంటే బెంగపడదూ?” అని నవ్వింది, సందంతా కనబడేలా.

కాబట్టి ప్రాజెక్టులు వర్ధిల్లాలి! అవి పెద్దవాళ్ళకే ఇస్తూ ఉండండి. పిల్లలకి మిగిలిన గుజ్జు చాలు.

ఆ నవ్వు హాల్లో ఉన్న వాళ్ళ అమ్మానాన్నల కంటపడితే మళ్ళీ తెల్లరంగు తెస్తారేమోనని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాను.