చప్పుడు తగ్గించడానికి డిస్టార్షన్ మంజూరు

"శబ్ద నియంత్రణ నిమిత్తం, కోడలి గిటారుకు డిస్టార్షన్ మంజూరు చేయడమైనది."

ఈ చారిత్రాత్మక ప్రకటన ఇవాళ పొద్దున్న మా డైనింగ్ టేబుల్ దగ్గర, కాఫీకీ పేపరుకీ మధ్య ఖాళీలో వెలువడింది. ప్రకటించినవారు మా మావగారు, విశ్రాంత సూపరింటెండెంటు, ప్రస్తుతం మా గృహ శబ్ద నియంత్రణ సంఘానికి అధ్యక్షులు. విన్నవాళ్ళం మా అత్తగారు, మా ఆయన, నేను. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. మా ఆయన టేబుల్ కింద నా కాలు తొక్కాడు. (తొక్కడం అభినందనా, ఊరుకోమనా అన్నది మా కొత్త కాపురంలో ఇంకా తేలవలసి ఉంది.)

చప్పుడు తగ్గించడానికి చప్పుడునే మంజూరు చేసిన సంస్థ ప్రపంచంలో మాదొక్కటేనని సవినయంగా మనవి చేసుకుంటూ, పూర్వాపరాల్లోకి వెళ్తున్నాను.

పెళ్ళికి మా ఆఫీసువాళ్ళు నాకు గిటారు ఎఫెక్ట్స్ ప్రాసెసర్ ఒకటి బహుమతిగా ఇచ్చారు. చెప్పుల డబ్బా అంత ఇనుప పెట్టె. కాలితో నొక్కడానికి పెడల్స్, చేత్తో తిప్పడానికి నాబ్‌లు, చూసి మురిసిపోవడానికి ఒక చిన్న నీలం తెర. గిటారు వైరు ఇందులోకి వెళ్తుంది, ఇందులోంచి ఇంకో వైరు స్పీకరుకు వెళ్తుంది. మధ్యలో ఏం జరుగుతుందో, ఏ ఆఫీసులోనైనా ఒక్క కాగితం కదిలించుకున్నవాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు.

తీగ మీటగానే పుట్టిన శబ్దం ముందు గేటు దగ్గర ఆగాలి. పనీపాటా లేకుండా గుర్రుమనే శబ్దాలను అక్కడినుంచే వెనక్కి పంపేస్తారు. లోపలికి వెళ్తే కంప్రెసర్ విభాగం. ఇక్కడ గట్టిగా అరిచినవాణ్ణి తగ్గించి, నోరులేనివాణ్ణి పెంచి, అందరినీ ఒకే మట్టానికి తెస్తారు. (పదోన్నతులు చూసే విభాగం ఇదేనని నా అనుమానం.) తర్వాత డిస్టార్షన్, అంటే మెత్తగా వచ్చినవాడు బొంగురుపోయి బయటికి వెళ్ళే గది. తర్వాత డిలే. మీరు అడిగినంత ఆలస్యం చేసి, చెప్పిన మాటే మళ్ళీ మళ్ళీ చెప్తారు. అడిగిన దానికంటే ఒక్క క్షణం ఎక్కువ ఆలస్యం చెయ్యరు. ఇలాంటి కార్యాలయం నేను ఇంతవరకూ చూడలేదు. చివర రివర్బ్. మా ఇరుకు పడగ్గదిలో వాయించినా, పెద్ద సభామందిరంలో వాయించినట్టు ధ్రువీకరించి పంపిస్తారు.

ఇలా తిప్పి తిప్పి కుదుర్చుకున్న శబ్దాన్ని ఒక స్లాటులో దాచి పేరు పెట్టుకోవచ్చు. మా ఆయన ఒక స్లాటుకు నా ముద్దుపేరు పెట్టాడు. తెర చిన్నది కావడంతో సగమే పట్టింది. మిగతా సగం చెవిలో చెప్పాడు. ఆ పూట సాధన అక్కడితో ముగిసింది.

అసలు సంగతి ఏమిటంటే, మా భవనం వార్షికోత్సవంలో నాకు ఒక పాట దొరికింది. పాట మధ్యలో గొంతులన్నీ ఆగి గిటారు ఒక్కటే పలికే ముక్క ఒకటుంది. అక్కడ గిటారు బొంగురుగా వేడుకోవాలి, అలగాలి, చివరికి అరిచేయాలి. డిస్టార్షన్ లేకుండా అదే ముక్క వాయిస్తే వంటింట్లో ఎవరో చెంచాలు సర్దుతున్నట్టు ఉంటుంది. ఈ భవనంలో నన్ను అందరూ ఇంతవరకూ చూసింది లిఫ్టులో తల వంచుకుని నిలబడ్డ కొత్త కోడలిగానే. కనీసం ఆ ఒక్క ముక్కలోనైనా, లోపల ఎవరున్నారో మా అత్తింటివాళ్ళకు వినిపించాలని నా ఆశ.

కింది ఫ్లాట్‌లో పళ్ళ డాక్టరు గారు ఉంటారు. భవనం సాంస్కృతిక కార్యదర్శి కూడా ఆయనే. పగలంతా జనం నోళ్ళలో మర తిప్పి వస్తారు కాబట్టి ఇంట్లో ఆయనకు ప్రశాంతత అవసరం. కార్యక్రమం జరగాలి, సాధన మాత్రం జరగకూడదు అన్నది ఆయన సాంస్కృతిక విధానం. నేను సాధన మొదలుపెట్టిన రోజే పైకొచ్చారు.

"సూపరింటెండెంటు గారూ, మీ ఇంట్లో ఏదో జంతువును హింసిస్తున్నారు."

"మా కోడలండీ" అన్నారు మావగారు గౌరవంగా.

"హింసించేదా, హింసపడేదా?"

"విచారిస్తాను."

అలా సంఘం ఏర్పడింది. మావగారు అధ్యక్షులు. మా ఆయన సభ్యుడు, కాకపోతే దరఖాస్తుదారుతో దగ్గరి సంబంధం ఉన్నందున ఓటు లేదు. అత్తగారికి ఏ పదవీ ఇవ్వలేదు. అందుచేత తుది నిర్ణయాలన్నీ ఆవిడవే.

విచారణలో తేలిందేమంటే, డిస్టార్షన్ గదిలో ముఖ్యమైన నాబ్‌లు రెండు. గెయిన్ తిప్పితే శబ్దం ఎంత బొంగురుపోవాలో తేలుతుంది. లెవెల్ తిప్పితే ఎంత గట్టిగా బయటికి రావాలో తేలుతుంది. డాక్టరు గారి బాధ లెవెల్‌తో. కానీ వరసలో గెయిన్ ముందుంది. సర్వీసులో ముందున్నవాడిదే బాధ్యత అన్నది మావగారు జీవితమంతా పాటించిన సూత్రం. గెయిన్‌ను సగానికి తగ్గిస్తూ ఉత్తర్వు వచ్చింది.

గెయిన్ తగ్గేసరికి నా ముక్క నీరసించింది. అందుకని లెవెల్ కాస్త పెంచాను. (లెవెల్ గురించి ఏ ఉత్తర్వూ లేదు. నేను చట్టాన్ని గౌరవించే మనిషిని.) డాక్టరు గారు మళ్ళీ వచ్చారు. గెయిన్ ఇంకాస్త తగ్గింది. నేను ఇంకాస్త లెవెల్ పెంచాను. డాక్టరు గారు ఈసారి రొప్పుతూ వచ్చారు. గోడకున్న ఫ్రేములు ఒరిగిపోతున్నాయట.

నా మనస్సాక్షి ఒప్పుకోలేదు. "మావయ్య గారూ, చప్పుడు గెయిన్ వల్ల కాదండీ. లెవెల్ వల్ల" అన్నాను.

"చూడమ్మా, గెయిన్ మీద విచారణ నడుస్తోంది. మధ్యలో లెవెల్ పేరెత్తడం సబబు కాదు. పాపం, అది రెండో వరసలో దాని పని అది చేసుకుంటోంది."

గెయిన్ సున్నాకు వచ్చింది. లెవెల్ చివరికంటా చేరింది. నా ప్రాణంలాంటి ముక్క, భవనమంతా వినపడేంత గట్టిగా, చెంచాలు సర్దుతోంది. ఆ సాయంత్రం నేను దిండులో ముఖం పెట్టుకుంటే మా ఆయన పక్కన కూర్చుని "నాకు చెంచాల శబ్దం కూడా ఇష్టమే" అన్నాడు. ఓదార్పులో అతనికి ఇంకా శిక్షణ కావాలి. కానీ మర్నాడు, అంటే నిన్న, సంఘానికి ఒక సూచన చేశాడు.

"నాన్నా, మీరు అసలు స్థలం పరిశీలించకుండానే ఉత్తర్వులిస్తున్నారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి లోపల ఏముందో వినండి."

స్థలపరిశీలన అన్న మాటకు మావగారు కరిగిపోతారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నారు. తండ్రి చెవులు దెబ్బతినకూడదని మా ఆయన ముందే లెవెల్‌ను బాగా కిందికి దించాడు. గిటారు ఒళ్ళో పెట్టాను. ఆయన ఒక్క వేలితో ఒక్క తీగ మీటారు. డిలే ఆ మాటను తిరిగి తిరిగి చెప్పింది. రివర్బ్ దాన్ని సభామందిరమంతా తిప్పి తీసుకొచ్చింది. శబ్దం పూర్తిగా ఆరిపోయేదాకా మావగారు కదల్లేదు. తర్వాత మళ్ళీ అదే తీగ మీటారు.

పరిశీలన మధ్యాహ్నం దాకా పొడిగింపబడింది. అత్తగారు భోజనానికి పిలిచారు. మళ్ళీ పిలిచారు. ఇంకోసారి ఇంటిపేరు పెట్టి పిలిచారు. హెడ్‌ఫోన్స్‌లో ఉన్నవారికి వినపడలేదు. చివరికి ఆవిడే చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "దీన్ని ఆపడం ఎలాగే" అంటూ దొరికిన నాబ్‌ను దొరికినట్టు తిప్పేశారు. అది గెయిన్. సరిగ్గా అప్పుడే ఆయన తీగ మీటారు.

హెడ్‌ఫోన్స్ లాగేసి కుర్చీలోంచి లేచిపోయారు.

"ఎవరిదా గొంతు?"

"ఎవరిదేమిటి, మీరే కదా మీటారు" అన్నారు అత్తగారు.

"నేనా?"

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్యూను మీద కూడా గొంతు పెంచని మనిషి ఆయన. తన వేలిని ఒకసారి చూసుకున్నారు. కూర్చుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, మళ్ళీ మీటారు. ఈసారి కొంచెం గట్టిగా. ఆ ముఖం చూసి మేము ముగ్గురం గదిలోంచి మెల్లగా తప్పుకున్నాం. అన్నం చల్లారిపోయింది.

సాయంత్రం నేను సాధన చేశాను. గెయిన్ అత్తగారు తిప్పిన చోటే, ఏడు దగ్గర ఉంది. లెవెల్ మా ఆయన దించిన చోటే ఉంది. (దాన్ని తిరిగి పెంచడం అతను "మర్చిపోయాడు". ఇలా మర్చిపోగలిగే మనిషిని కట్టుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకుంటున్నాను.) బొంగురుదనం ఒక్క పిసరు తగ్గలేదు, గోడ మాత్రం దాటలేదు. డాక్టరు గారు పైకొచ్చి మావగారి చేతులు పట్టుకున్నారు.

"ఎంత హాయిగా ఉందండీ! ఏం చేశారు?"

"గెయిన్ ఏడు చేశాం."

ఇద్దరూ కాసేపు ఆలోచించారు. గెయిన్ సున్నా ఉన్నప్పుడు ఫ్రేములు ఒరిగాయి. ఏడు అయ్యాక ఒరగలేదు. కనుక గెయిన్ పెరిగేకొద్దీ చప్పుడు తగ్గును. ఇంత స్పష్టమైన ఆధారం ఉన్నాక సంఘం ఒక రాత్రి కంటే ఎక్కువ తాత్సారం చెయ్యలేదు. పొద్దున్న కాఫీకీ పేపరుకీ మధ్య జరిగింది అదే.

మంజూరుకు షరతులు ఉన్నాయి. గెయిన్ ఏడుకు తగ్గరాదు, శాంతిభద్రతల దృష్ట్యా. డిస్టార్షన్ ఆ ముక్కకు మాత్రమే వర్తిస్తుంది, ముక్క అవగానే మామూలు శబ్దానికి రావాలి. పెడల్ నొక్కే అధికారం అధ్యక్షులవారికే.

చిక్కల్లా ఆ చివరి షరతుతోనే. ఎందుకంటే పెడల్ సరిగ్గా ఆ ముక్క మొదటి స్వరం మీదే పడాలి. ఒక్క దెబ్బ ఆలస్యమైనా మళ్ళీ చెంచాలే.

ఇవాళ సాయంత్రం రిహార్సల్. మావగారు పెట్టె ముందు కుర్చీ వేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని, కుడికాలు సిద్ధం చేసుకున్నారు.

"మావయ్య గారూ, నేను తల ఊపగానే నొక్కేయండి."

"తల ఊపడం ఆదేశం కిందికి వస్తుందా, విన్నపం కిందికా?"

"విన్నపమేనండీ."

"అయితే పరిశీలించాలి."

పరిశీలించారు. నీలం తెర మీద ఉన్నదంతా చదివారు. నొక్కారు. ముక్క అప్పటికే అయిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి నాకు ఏడుపొచ్చినంత పనైంది. పైకి నవ్వాను, కొత్త కోడల్ని కదా.

అత్తగారు వంటింట్లోంచి కుర్చీ లాక్కొచ్చి ఆయన వెనక వేసుకున్నారు.

"ఏమండీ, ఆఫీసులో సంతకాలన్నీ ఇలాగే పెట్టారా? పాపం జనం! అమ్మాయి తల ఊపగానే నేను గిల్లుతాను. నొక్కండి."

"గిల్లడం నిబంధనల్లో లేదే."

"మీ నిబంధనల్లో లేదు. మన పెళ్ళిలో ఉంది."

"అమ్మా, గట్టిగా గిల్లు" అన్నాడు ఓటులేని సభ్యుడు, ప్లగ్గు ఊడకుండా చేత్తో పట్టుకుని.

తల ఊపాను. ఆవిడ గిల్లారు. "అబ్బా!" అన్న అరుపూ, పెడల్ టక్కుమనడమూ, నా మొదటి స్వరమూ ఒక్కసారే పడ్డాయి. గిటారు వేడుకుంది. అలిగింది. నా వేళ్ళు ఆగలేదు. చివరి అరుపు దగ్గర తలెత్తి చూస్తే అత్తగారు నోరు తెరుచుకుని నా వంకే చూస్తున్నారు. "ఇదంతా నీలోనే ఉందిటే!" అన్నారు.

ముక్క అయిపోయింది. పాట ముందుకు సాగింది. డిస్టార్షన్ అలాగే ఉంది.

"నాన్నా, ఇక ఆపాలి" అన్నాడు మా ఆయన.

"తాత్కాలిక అనుమతిని తదుపరి ఉత్తర్వుల వరకూ పొడిగించాను" అన్నారు మావగారు, పెడల్ మీంచి కాలు తియ్యకుండా, కళ్ళు మూసుకుని.

ఇందాకే డాక్టరు గారు ఫోన్ చేసి రేపటి కార్యక్రమంలో పేర్లు ఎలా వెయ్యాలని మావగారిని అడిగారు. ఇద్దరూ చాలాసేపు చర్చించుకున్నారు. నేను గిటారు తుడుస్తూ కూర్చున్నాను. ఇప్పుడే భవనం గ్రూపులో ప్రకటన వచ్చింది.

"రేపు సాయంత్రం ఆరు గంటలకు, కింది హాల్లో, ఎఫెక్ట్స్ ప్రాసెసర్ కచేరీ. నిర్వహణ: విశ్రాంత సూపరింటెండెంటు గారు. పర్యవేక్షణ: వారి శ్రీమతి. విద్యుత్తు: వారి కుమారుడు. గిటారు సహకారం: కోడలు (అనుమతికి లోబడి)."