పేరు కొట్టించిన గంగాళం

కోటేశ్వర్ ప్రెసిడెంటుగా ఉన్న సంఘంలో సభ్యుడిగా ఉండటం కంటే వీధి కొళాయి దగ్గర బిందెగా ఉండటం నయం. బిందెకి కనీసం వరుస వస్తుంది.

అది పాత్రల సంఘం. ఆత్మకూరులో ఆ వీధి వాళ్లు ఎప్పుడో పెట్టుకున్నారు. ఇంటికొక పెద్ద పాత్ర ఇచ్చిన వాళ్లంతా సభ్యులు. పాత్రలన్నీ ఒక గదిలో ఉంటాయి. పెళ్లికో పేరంటానికో కావలసినవాళ్లు తీసుకెళ్లి, పని అయ్యాక తోమి తెచ్చి పెట్టాలి. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. ఆ గది తాళం మాత్రం ఏళ్ల తరబడి కోటేశ్వర్ మొలతాడుకే వేలాడుతోంది. మీటింగు పెట్టమంటే ‘పెడదాంలే’ అంటాడు. పాత్ర ఏదంటే ‘చూద్దాంలే’ అంటాడు. ఈ రెండు మాటలతోనే ఆయన పాలన సాగిపోతోంది.

ట్రాక్టర్ మెకానిక్ తిరుపాలు తన కూతురు పావని ఓణీల ఫంక్షన్‌కి పెద్ద డేగిసా అడిగాడు. అది వాళ్ల నాయన ఆదెయ్య సంఘానికి ఇచ్చినదే. “చూద్దాంలే తిరుపాలూ,” అన్నాడు కోటేశ్వర్. ఆ వారమే తిరుపాలు స్పేర్ పార్టుల కోసం కలిగిరి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి మనిషి ఒళ్లంతా మండిపోతోంది.

“మా నాయన డేగిసాలో బిరియానీ వండి నాకే అమ్మినారు మల్లీ,” అన్నాడు భార్య మల్లీశ్వరితో.

“తిన్నావా?”

“తిన్నాను. తిన్నాక గదా డేగిసా మీద పేరు చూసింది.”

“బాగుండాదా?”

“బిరియానీ సంగతి కాదే నేను చెప్పేది. ఆ హోటలు కోటేశ్వర్ బామ్మర్దిది. డేగిసా మీద మా నాయన పేరుండాదేందిరా అంటే, ఆదెయ్య మా తాత అంటాడు వాడు. మా నాయనకి కలిగిరిలో ఇంకో సంసారం ఎప్పుడుండాది?”

“ఉండాదేమో, ఎవురికి తెలుసు. మీ ఇంట్లో ఎవురు ఏం చేసినా ఇంకొకరికి చెప్పి చేసినారా?”

తిరుపాలుకి ఇంకా మండింది. “ఆ గది తాళం కోటేశ్వర్ మొలతాడు నుంచి ఊడబెరకకపోతే నా పేరు తిరుపాలే కాదు. ఈసారి ప్రెసిడెంటు నేనే.”

“బండి తాళం ఏడ పెట్టినావో చెప్పు ముందు.”

తిరుపాలు రెండు జేబులూ తడుముకున్నాడు. తాళం బండికే ఉంది. బండి కలిగిరిలో ఉంది. కోపంలో బస్సెక్కి వచ్చేశాడు.

ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజీలు పెట్టాడు. ఆదివారం నాడు పాత్రలన్నీ వీధిలో పెట్టాలి. ప్రతి పాత్ర మీదా సంఘం పేరు కొట్టించాలి. పేరుంటే అది సంఘానిదే. ఇక మీదట ఎవరడిగినా అందరి ముందూ అడగాలి, ఇచ్చేది అందరి ముందూ ఇవ్వాలి. ఆ రోజే చేతులెత్తి కొత్త ప్రెసిడెంటుని ఎన్నుకోవాలి. ఆ అరుపులకి చాలామంది ఫోను చెవికి దూరంగా పెట్టుకుని విన్నారు. విన్న వాళ్లందరికీ సబబుగానే తోచింది. తమ పాత్ర తమకి దొరక్క వాళ్లూ ఉడికిపోయే ఉన్నారు.

ఆదివారం పొద్దున్నే మల్లీశ్వరి ఫంక్షన్‌కి పిలవడానికి ఉదయగిరిలో పుట్టింటికి బయలుదేరింది. పోతూ పోతూ, “నా వంటింటి జోలికి పోవద్దు,” అంది.

“సంఘానికీ నీ వంటింటికీ ఏంది సంబంధం?” అన్నాడు తిరుపాలు.

ఆ వంటింట్లో ఒక ఇత్తడి గంగాళం ఉంది. మల్లీశ్వరి అవ్వ ఆదిశేషమ్మ ఇచ్చింది. ప్రతి శుక్రవారం మల్లీశ్వరి దాన్ని చింతపండు పెట్టి తోముతుంది. ఆ రోజు ఇంట్లో మొదటి స్నానం దానిదే, తిరుపాలుది ఆ తర్వాత.

ఉదయగిరి నుంచి పేర్లు కొట్టే మిషన్‌తో పీర్ మహమ్మద్ వచ్చాడు. కోటేశ్వర్ నవ్వుకుంటూ వచ్చి గది తలుపు తీశాడు. లోపల సగం ఖాళీ.

“చూసినారా,” అని వీధంతా వినబడేలా అన్నాడు తిరుపాలు.

“నేనొక్కడినే తినేసినానా ఇత్తడి? మీ మీ ఇండ్లల్లోనే ఉండాయి. నీ ఇంట్లో లేవని ఏంది గ్యారంటీ?” అన్నాడు కోటేశ్వర్.

ఇక తిరుపాలుని ఆపడం ఎవరి తరం కాలేదు. ఇంట్లోకి దూరి కంటికి కనబడిన పాత్రనల్లా లాక్కొచ్చి వీధిలో పడేశాడు. “ఇదో, చూసుకోండి. నా ఇంట్లో దాపరికం లేదు,” అన్నాడు.

అది చూసి మిగతా ఇళ్ల ఆడవాళ్లూ కదిలారు. మేకలు నీళ్లు తాగే గిన్నె వచ్చింది. బొగ్గులు పోసుకున్న గుండిగ వచ్చింది. రాహేలమ్మ తెచ్చిన బేసిన్‌లో కోడి పొదుగుతోంది. “పేరు కొట్టుకోండి, గుడ్లు పిల్లలైనాక ఇస్తా,” అందామె. తిరుపాలు మెసేజీల దెబ్బకి కలిగిరి డేగిసా కూడా ఆటోలో దిగింది, అడుగున మెతుకులతో సహా. అన్నీ ఒకే కుప్ప. తిరుపాలు ఛాతీ రెండింతలైంది.

“అన్నా, దీని మీద ఎవురో ఆడమనిషి పేరుండాదే,” అన్నాడు పీర్ మహమ్మద్.

తిరుపాలు అటు చూడనైనా లేదు. “ఎవురి పేరైనా ఉండనీ. సంఘం ముందర అందురూ ఒకటే. పక్కన కొట్టుకుంటా పో.”

మధ్యాహ్నానికి మల్లీశ్వరి ఆటో దిగింది. కుప్పలో గంగాళం కనబడింది. దగ్గరికెళ్లి వంగి చదివింది. ‘ఆదిశేషమ్మ, ఉదయగిరి’ అన్న పాత అక్షరాల పక్కన ‘పాత్రల సంఘం, ఆత్మకూరు’ అని కొత్తవి మెరుస్తున్నాయి. ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేదని తిరుపాలుకి అనిపించింది.

“ఏందయ్యా ఇది?”

“అదీ... ట్రాన్స్‌పరెన్సీ మల్లీ.”

“మా అవ్వ బంగారమంతా కోడళ్లకిచ్చి ఇది నాకిచ్చింది. ఆమె గుర్తుగా నాకుండేది ఇదొక్కటే. దీన్ని తెచ్చి ఊరుమ్మడి చేసినావు గదయ్యా.” ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తిరుపాలుకి తల తీసేసినట్టయింది. చెరిపెయ్యమని పీర్ మహమ్మద్‌ని బతిమాలాడు. సాన పడితే అవ్వ పేరు కూడా పోతుందన్నాడతను.

కోటేశ్వర్ మెల్లిగా భుజం మీద చెయ్యేసి తిరుపాలుని గది వెనక్కి తీసుకెళ్లాడు. “రూలు పెట్టింది నువ్వే. అయినా నేను చూళ్లేదనుకో. ఎవురికీ తెలీకుండా గంగాళం ఇంటికి చేర్చుకో. ప్రెసిడెంటు మాట మాత్రం మర్చిపో.”

తిరుపాలు భార్య కళ్లు తలుచుకున్నాడు. “సరేన్నా,” అన్నాడు. వారం రోజుల అరుపులూ ఆ ఒక్క మాటతో మట్టి కొట్టుకుపోయాయి.

గంగాళం మీద తువ్వాలు కప్పి ఇంటివైపు లాగడం మొదలుపెట్టాడు. సిమెంటు రోడ్డు మీద అది చేసిన చప్పుడికి కోడి కూడా గుడ్ల మీద నుంచి లేచింది.

“ఏడికి?” అంది మల్లీశ్వరి.

“ఇంటికే. ఎవురూ చూళ్లేదు,” అన్నాడు గొంతు తగ్గించి. వీధి వీధంతా చూస్తోంది.

“మా అవ్వ గంగాళాన్ని దొంగసొత్తు మాదిరి మోసుకుపోతావా? పెట్టు ఆడ.” ఆమె అందరివైపూ తిరిగింది. “పేరు పడింది గనక ఇది సంఘానిదే, నేను కాదన్ను. పాత్ర ఇచ్చినోళ్లు సభ్యులే గదా కోటేశ్వరన్నా?”

“అవుననుకో.”

“అయితే నేనూ సభ్యురాలినే. ప్రెసిడెంటుకి నిలబడతాండా. మా అవ్వ గంగాళం ఎవురింటికి పోతాదో, ఎప్పుడొస్తాదో నాకు తెలియాల. నాదే కాదు, అందరి పాత్రల సంగతీ అందరికీ తెలియాల. కడుక్కునేది మేము, కనుక్కోవాల్సొస్తే మీ మొలతాళ్లు చూడాల్నా?”

రాహేలమ్మ చెయ్యి ముందు లేచింది. ఇంటికొక చెయ్యే లెక్క. ఏ ఇంట్లో ఆ చెయ్యి ఎవరిదో అప్పటికప్పుడు తేలిపోయింది. కోటేశ్వర్ ఇంటి తరఫున ఆయన భార్య చెయ్యెత్తింది. మల్లీశ్వరి తిరుపాలువైపు చూసింది. ప్రెసిడెంటు కావలసిన ఆ మనిషి చెయ్యి దానంతటదే పైకి లేచింది.

కోటేశ్వర్ మొలతాడు విప్పాడు.

“అన్నీ లోపల సర్దండి,” అంది కొత్త ప్రెసిడెంటు తాళం అందుకుంటూ. “గంగాళం మాత్రం మీరిద్దరూ పట్టండి. సొట్ట పడిందంటే ఊరుకోను.”

చెరొక కడియం పట్టుకుని ఇద్దరూ గదిలోకి నడిచారు. గుమ్మం దాటాక కోటేశ్వర్ గుసగుసగా అడిగాడు.

“ఇంట్లో గూడా ఇంతేనా తిరుపాలూ?”

“ఇంట్లో మీటింగు గూడా ఉండదన్నా,” అన్నాడు తిరుపాలు.